కిర్రుమనే తలుపు బందుల్ని ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

తిరుపతిలో ఇల్లుందంటే చుట్టాల రాకపోకలు తప్పవు. కొండకు పోయేవాళ్ళు ముందురోజు సాయంత్రమే దిగుతారు. సుప్రభాత సేవ టికెట్టు దొరికిందనో, ఎండ ఎక్కకముందే అలిపిరి మెట్లు ఎక్కేయాలనో అర్ధరాత్రి దాటగానే లేస్తారు. పడగ్గది తలుపు, స్నానాలగది తలుపు, వీధివాకిలి ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటాయి. అందులో ఒక్కటి కిర్రుమన్నా పక్కగదిలో పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది. ఎప్పటికో కునుకు పట్టిన పెద్దాయన లేచి కూర్చుంటాడు. ఇంట్లోవాళ్ళం ఆ చప్పుడుకు అలవాటుపడి ఏళ్ళ తరబడి వదిలేస్తాం గానీ, దాన్ని ఆపడం ఒక పూట పని కూడా కాదు. ఆచారిని, అంటే వడ్రంగిని, పిలవాల్సిన అవసరం చాలా ఇళ్ళలో రాదు.

అయితే తలుపు కిర్రుమంటే నూనె పొయ్యడమే అన్నిటికీ మందు కాదు. నూనె పోశాక పదిరోజులు ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టిందంటే కారణం ఇంకెక్కడో ఉంది. బందు, అంటే తలుపు తిరిగే కీలు, లోపల మురికి పేరుకుని ఉండొచ్చు, స్క్రూ వదులై తలుపు వాలి ఉండొచ్చు, వానలకు చెక్క ఉబ్బి ఉండొచ్చు. అందుకే ముందు ఏ బందు అరుస్తోందో, ఎందుకు అరుస్తోందో పట్టుకోవాలి. ఆ తర్వాతే నూనె బుడ్డి చేతికి తీసుకోవాలి.

చప్పుడు ఎలా పుడుతుంది

బందుకు రెండు రెక్కలు. ఒకటి ద్వారబంధానికి, ఒకటి తలుపుకు బిగించి ఉంటాయి. రెక్కల అంచులు గుండ్రంగా మడిచి, కణుపులు కణుపులుగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. వాటన్నిటి మధ్యగా పైనుంచి కిందిదాకా ఒక పిన్ను ఉంటుంది. తలుపు కదిలినప్పుడల్లా కణుపు పిన్ను మీదా, పక్క కణుపు మీదా రాసుకుంటుంది. మధ్యలో పల్చటి నూనె పొర ఉన్నన్నాళ్ళూ హాయిగా జారుతుంది. ఆ పొర పోయాక ఇనుము ఇనుమును పట్టుకుంటుంది, మనం తోసేకొద్దీ వదిలేస్తుంది, వెంటనే మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ పట్టు-విడుపే కిర్రుమనే శబ్దం. బందు చేసే చప్పుడు నిజానికి చిన్నదే. వీణ తీగ మోతను కుండ పెంచినట్టు దాన్ని తలుపు పలక పెంచి ఇల్లంతా వినిపిస్తుంది.

తలుపును నెమ్మదిగా కదిపితే ఈ పట్టు-విడుపు బాగా తెలుస్తుంది, గబుక్కున తోస్తే తక్కువ. ఎవరికీ నిద్రాభంగం కాకూడదని మెల్లగా తెరిచేవాళ్ళకే ఎక్కువ చప్పుడు వినిపించేది అందుకే.

ఆ నూనె పొర ఎందుకు పోతుందో మన ఇళ్ళు చూస్తేనే తెలుస్తుంది. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, గడప కడిగి, పసుపు రాసి ముగ్గు పెట్టే ఇళ్ళలో కింది బందు మీద రోజూ నీటి తుంపర పడుతుంది. అందుకే వీధివాకిలికి పైబందు నిగనిగలాడుతున్నా కింది బందు ఎర్రగా తుప్పెక్కి ఉంటుంది. దీనికి గడప కడగడం మానక్కర్లేదు, కడిగాక ఆ బందును పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. ఎండాకాలం గాలికి లేచే సన్నటి దుమ్ము ఇంకో కారణం. పెళ్ళికో పండక్కో పెయింటు వేయించినప్పుడు బందుల మీద కూడా బ్రష్షు లాగేయడం మరో కారణం. పెయింటు కణుపుల సందుల్లో గట్టిపడి ప్రతి కదలికకూ పగిలి రాలుతుంది, ఆ పొడి లోపలికి దిగి రాపిడి పెంచుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు బాగా పడతాయి కాబట్టి ఆ రోజుల్లో తుప్పూ, చెక్క ఉబ్బడమూ కలిసి వస్తాయి. 2021 నవంబరు వరదలో తిరుపతిలో నీళ్ళు దూరిన ఇళ్ళుంటే, అప్పుడు మునిగిన కింది బందుల్ని ఇప్పటికైనా ఒకసారి విప్పి చూసుకోవడం మంచిది. బురదనీళ్ళు కణుపుల్లో వదిలిన ఒండ్రు పైపైన తుడిస్తే పోదు.

ముందు దొంగను పట్టుకోండి

ఇంట్లో టీవీ, ఫ్యాన్ ఆపేయండి. ఒకరు తలుపును మెల్లగా కదుపుతూ ఉండాలి, ఇంకొకరు ఒక్కో బందు మీద వేలి కొస ఆనించాలి. అరిచే బందు దగ్గర సన్నటి అదురు వేలికి తెలుస్తుంది. చెవితో కంటే వేలితో తొందరగా దొరుకుతుంది, ఎందుకంటే శబ్దం పలకంతా పాకుతుంది గానీ అదురు పుట్టినచోటే ఎక్కువ. మూడు బందుల్లో ఒకటే అరుస్తుండటం మామూలు. వేలు కణుపుల మీదే పెట్టండి, రెక్కల మధ్య పెట్టకండి. పిల్లల్ని ఈ పనికి పెట్టొద్దు.

తర్వాత తలుపును సగం తెరిచి, గడియ వైపు అంచును రెండు చేతులా పట్టుకుని కొంచెం పైకెత్తండి. పైబందు దగ్గర టక్కుమని కదిలితే స్క్రూలు వదులయ్యాయన్నమాట. ఎత్తి పట్టుకుని కదిపితే చప్పుడు ఆగిపోయినా ఇదే కారణం కావచ్చు. తలుపు బరువంతా పైబందును ద్వారబంధం నుంచి బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. అందుకే ఎప్పుడూ ముందు వదులయ్యేవి పైబందు స్క్రూలే.

ఒక్కోసారి అసలు బందుల తప్పే ఉండదు. తలుపు కింది అంచు నేలకు రాసుకుంటోందేమో చూడండి. పాత గచ్చు మీద టైల్సు పరిపించిన ఇళ్ళలో ఇది తరచుగా ఉంటుంది. నేల మీద వంపుగా గీత పడి ఉంటే అదే గుర్తు. ద్వారబంధానికి పై మూలలో రాసుకుంటుంటే అక్కడ పెయింటు అరిగి చెక్క బయటపడి ఉంటుంది. గడియ కమ్మీ గొళ్ళేనికి తగిలి కూడా కీచుమనొచ్చు. ఈ మూడింటికీ నూనె పనికిరాదు. వానల్లో ఉబ్బిన తలుపైతే తొందరపడి తోపడా (చెక్కను చెక్కి నునుపుచేసే పనిముట్టు) పట్టించకండి. ఎండలు వచ్చాక చెక్క మళ్ళీ కుంచించుకుంటుంది, అప్పటికి సందు ఎక్కువైపోతుంది. జనవరి దాకా ఆగి, అప్పటికీ రాసుకుంటుంటే అప్పుడు తోపడా పట్టించండి.

ఏ నూనె?

అడిగితే పదిమంది పది నూనెలు చెబుతారు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

వంటింట్లో చేతికి అందేది చెనిక్కాయల నూనె లేదా సన్‌ఫ్లవర్ నూనె. రెండూ వద్దు. ఈ నూనెలు గాలి తగిలి మెల్లగా జిగురుగా మారతాయి. పాత బాణలి అంచున, నూనె సీసా మూత చుట్టూ గోకినా రాని పసుపుపచ్చ జిగురు మీరు చూసే ఉంటారు. బందు లోపలా అదే జరుగుతుంది. సన్‌ఫ్లవర్ నూనె ఇంకా తొందరగా జిగురెక్కుతుంది. మొదట్లో చప్పుడు ఆగుతుంది, కొన్ని నెలలకు ఆ జిగురుకు దుమ్ము అంటుకుని తలుపు బిగుసుకుపోతుంది. పైగా చీమలు పట్టొచ్చు.

కొబ్బరినూనె అంత తొందరగా జిగురెక్కదు గానీ సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిత్తూరులో అంతకంటే చలిగానే ఉంటుంది, మదనపల్లె వైపు చెప్పక్కర్లేదు. రాత్రికి చప్పుడు ఆపాలంటే రెండు చుక్కలు వేసుకోవచ్చు, ఎల్లకాలానికి పనికిరాదు.

ఇంట్లో ఉండే నూనెల్లో బందుకు మేలైనది ఆముదం. చిక్కగా ఉంటుంది, కిందికి కారిపోదు, వంటనూనెల్లా తొందరగా ఆరదు. ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు పెట్టిన కందెనలో ఆముదమే ముఖ్యం. తొలినాటి విమానాల ఇంజన్లలో కూడా ఆముదం వాడారు. చిక్కదనం వల్ల సందుల్లోకి దిగడానికి టైం పడుతుంది, అదొక్కటే ఇబ్బంది. చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో కాసేపు పెడితే పల్చబడుతుంది.

కొనేవాటిలో అన్నిటికంటే తేలికైనది కుట్టుమిషన్ నూనె. పల్చగా, రంగు లేకుండా ఉంటుంది, సందుల్లోకి ఇట్టే దిగుతుంది, జిగురెక్కదు. గదుల తలుపులకు నేను చెప్పేది ఇదే. బరువైన వీధివాకిలికి, పిన్ను బయటికి తీయగలిగితే, గ్రీజు ఇంకా మేలు. ఆటోమొబైల్ షాపుల్లో చిన్న డబ్బాల్లో దొరికే మామూలు గ్రీజు చాలు. బండి నుంచి తీసిన నల్లటి పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వాడకండి. అందులో అరిగిన లోహపు పొడి, మసి కలిసి ఉంటాయి, తలుపుకూ గోడకూ మరకలు కూడా పడతాయి.

డబ్ల్యూడీ-40 స్ప్రే గురించి అందరూ అడుగుతారు. అది 1953లో అమెరికాలో క్షిపణుల పైపొరకు తుప్పు పట్టకుండా తయారుచేసిన ద్రవం. తేమను తరిమేయడం, తుప్పును వదులుచేయడం, పాత జిగురును కరిగించడం దాని బలం. కొట్టగానే చప్పుడు మాయమవుతుంది. అయితే అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయి మిగిలే నూనె పొర చాలా పల్చగా ఉంటుంది. కాబట్టి దాన్ని కడగడానికి వాడండి, తుడిచాక పైన నూనెగానీ గ్రీజుగానీ పెట్టండి. ఈ రెండో పని చెయ్యకపోవడం వల్లే మళ్ళీ మళ్ళీ స్ప్రే కొట్టాల్సి వస్తుంది.

నూనె మరక అస్సలు పడకూడదనుకునే చోట, పూజగది తలుపుకో పుస్తకాల అల్మారాకో, పెన్సిల్ పొడి వాడొచ్చు. పెన్సిల్ ములుకులో గ్రాఫైటు, బంకమన్ను కలిపి ఉంటాయి. 6బి, 8బి లాంటి మెత్తటి డ్రాయింగు పెన్సిళ్ళలో గ్రాఫైటు ఎక్కువ. ములుకును బ్లేడుతో సన్నగా గీకి, ఆ పొడిని పిన్నుకు అద్ది పెట్టడమే. ఆరిన మైనపు కొవ్వొత్తిని పిన్నుకు రుద్దినా కొన్నాళ్ళు పనిచేస్తుంది.

మీ ఇంటి బందు ఏ రకం?

బందు పైకొస, కింది కొస బాగా చూడండి. పిన్నుకు పైన గుండీలాంటి తల ఉండి, కింద కొస విడిగా కనిపిస్తే ఆ పిన్ను పైకి వస్తుంది. రెండు కొసలూ చదునుగా నలగ్గొట్టి కణుపుతో కలిసిపోయినట్టుంటే అది రాదు. మన షాపుల్లో మామూలుగా అమ్మే ఇనుప, స్టీలు బందుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. ఇంటర్నెట్లో చూపించే వీడియోల్లో చాలావాటిలో మేకు పెట్టి సుత్తితో కొట్టి పిన్ను లాగేస్తుంటారు. మన రెండో రకం బందును అలా కొడితే పిన్ను రాదు, కణుపు సొట్టపడుతుంది, స్క్రూలు కదులుతాయి. అందుకని ముందు రకం తేల్చుకోండి.

పిన్ను రాని బందుకు

మన ఇళ్ళలో ఎక్కువ మందికి కావలసింది ఇదే. కావలసినవి: కుట్టుమిషన్ నూనె లేదా పల్చబరిచిన ఆముదం, మందుల షాపులో దొరికే చిన్న సిరంజి, పాత టూత్‌బ్రష్షు, రెండు మూడు పాత కాటన్ గుడ్డలు, నిన్నటి పేపరు, ఒక పల్చటి చెక్క ముక్క, ఒక పలుగు.

ముందు కింద పేపరు పరచండి. గ్రానైటు గడపకు నూనె మరక పడితే పోవడం కష్టం. తలుపు గాలికి కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టి, సగానికి తెరిచి ఉంచండి.

కణుపుల సందుల్లో ఉన్న దుమ్మును పొడి బ్రష్షుతో దులపండి. గట్టిపడిన పెయింటు ఉంటే బ్లేడు మూలతో సందు వెంబడి గీసి తీసేయండి. తుప్పు ఉంటే సన్నరకం ఎమరీ పేపరుతో రుద్దండి. ఇప్పుడు డబ్ల్యూడీ-40 ఉంటే సందుల్లోకి కొట్టండి, లేకపోతే పల్చటి మిషన్ నూనే ఎక్కువగా వేయండి. తలుపును ఇరవై ముప్పైసార్లు పూర్తిగా తెరిచి మూయండి. సందుల్లోంచి నల్లటి, గోధుమరంగు రసం కారుతుంది. నలుపు అరిగిన లోహపు పొడి, గోధుమరంగు తుప్పు. దాన్ని తుడిచి మళ్ళీ నూనె వేసి కదపండి. కారేది తేటగా కనిపించేదాకా ఇలా చెయ్యాలి. చాలామంది ఓపిక పట్టక ఇక్కడ ఆపేస్తారు. మురికి లోపలే ఉండగా వేసిన నూనె ఆ మురికిని నూరి పిన్నును ఇంకా అరగదీస్తుంది. కాబట్టి పావుగంట ఎక్కువైనా సరే, తేటగా వచ్చేదాకా వదలకండి.

కడగడానికి పెట్రోలు మాత్రం ఇంట్లో వాడకండి. దీపం వెలిగే పూజగది, పొయ్యి ఉండే వంటిల్లు పక్కనే ఉంటాయి.

ఇప్పుడు అసలు నూనె. తలుపు బరువుకు పై కణుపు కింది కణుపు మీద నొక్కుకుని ఉంటుంది, కాబట్టి మామూలుగా పోస్తే నూనె పైపైనే కారిపోతుంది. ఆ బరువును కాసేపు తీసేయాలి. గడియ వైపు కింది అంచు దగ్గర నేల మీద మడిచిన గోనెపట్ట వేసి, దానిమీద చెక్క ముక్క పెట్టి, పలుగు కొసను తలుపు కింద దూర్చి కాలితో మెల్లగా నొక్కండి. తలుపు ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తే చాలు, అంతకు మించి ఎత్తకండి. కణుపుల మధ్య వెంట్రుకవాసి సందు తెరుచుకుంటుంది. ఒకరు అలా పట్టుకుని ఉండగా, ఇంకొకరు సిరంజి కొసను ఒక్కో సందుకు ఆనించి ఒక్కో చుక్క వదలాలి. సన్నటి సందు నూనెను దానంతట అదే లోపలికి పీల్చుకుంటుంది. పై కణుపు తలమీద ఇంకో చుక్క. ఒక బందుకు నాలుగైదు చుక్కలు దాటనవసరం లేదు. పలుగు తీసేసి తలుపును పదిసార్లు కదపండి, మళ్ళీ ఎత్తి ఇంకో చుక్క వేయండి. చప్పుడు ఉన్న బందుకే కాకుండా మూడింటికీ చేస్తే మళ్ళీ ఈ సామానంతా తియ్యాల్సిన పని ఉండదు.

సిరంజికి సూది పెట్టొద్దు, కొస చాలు. పని అయ్యాక దాన్ని పిల్లలకు అందని చోట పడేయండి.

పది నిమిషాలాగి, బయట మిగిలిన నూనెను శుభ్రంగా తుడిచేయండి. బయట ఉన్న నూనె వల్ల లాభం లేదు, అది దుమ్మును పిలుస్తుంది. మర్నాడు పొద్దున మళ్ళీ ఒకసారి తుడవండి, రాత్రికి ఇంకో చుక్క కిందికి దిగి ఉంటుంది.

పిన్ను వచ్చే బందుకు

ఇది ఇంకా సులువు. తలుపు మూసి గడియ పెట్టండి, అప్పుడు తలుపు కదలదు. ఒకసారి ఒక్క బందు పిన్నే తీయండి, అది తిరిగి పెట్టాకే రెండోదానికి చేయి వేయండి. అన్నీ ఒకేసారి తీస్తే తలుపు మీద పడుతుంది. కిందినుంచి పొడవాటి మేకు మొనను పిన్ను కొసకు ఆనించి సుత్తితో మెల్లగా పైకి తట్టండి. అంగుళం పైకి వచ్చాక కటింగ్ ప్లేయరుతో తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. బిగిసి ఉంటే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి, బలవంతం చేయకండి.

తీసిన పిన్నును ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, నేల మీద దొర్లించి చూడండి. ఎగిరెగిరి దొర్లితే వంగినట్టు. ఇటుక మీద పెట్టి సుత్తితో సరిచేయొచ్చు, బాగా అరిగి మధ్యలో సన్నబడి ఉంటే మాత్రం బందే మార్చాలి. చిన్న పుల్లకు గుడ్డ చుట్టి కణుపుల లోపల తుడవండి. పిన్నుకు పల్చగా గ్రీజు పూసి దించేయండి. ఇలా చేసిన బందు చాలాకాలం మాట్లాడదు.

స్క్రూలు వదులైతే

ముందు స్క్రూ తలకు సరిపోయే స్క్రూడ్రైవరు తీసుకోండి. చిన్నది పెట్టి తిప్పితే తల గీత అరిగిపోయి ఇక ఏదీ పట్టదు. తలుపు కింద చెక్క ముక్క దూర్చి బరువు ఆపి, అప్పుడు బిగించండి. బిగుసుకుంటే సరే. ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంటే చెక్కలో రంధ్రం పెద్దదైపోయింది.

ఆ స్క్రూ ఒక్కటీ తీసేయండి. అగ్గిపుల్లల మందు విరిచేసి, పుల్లలకు ఫెవికాల్ పూసి రంధ్రంలో బిగుతుగా దూర్చండి. వెదురు పుల్ల దొరికితే ఇంకా గట్టిగా ఉంటుంది. పైకి మిగిలినదాన్ని బ్లేడుతో సమంగా కోసి, ఒక రాత్రి ఆరనివ్వండి. తొందరపడి అప్పుడే స్క్రూ ఎక్కిస్తే పుల్లలు లోపలే తిరుగుతాయి. మర్నాడు సన్న మేకుతో మధ్యలో చిన్న గుంట చేసి, స్క్రూకు కొవ్వొత్తి మైనం రుద్ది బిగించండి. సబ్బు రుద్దే అలవాటు కొందరికి ఉంది, కానీ సబ్బు తేమను పట్టి ఉంచి స్క్రూను తుప్పు పట్టిస్తుంది. ద్వారబంధం లావుగా ఉంటే పాత స్క్రూ బదులు అర అంగుళం పొడవైనది వేస్తే లోపలి కొత్త చెక్కను పట్టుకుంటుంది.

రంధ్రంలోంచి మట్టిలాంటి పొడి రాలితే ఆగండి, అది చెదలు. పుల్లలతో పూడ్చడం దండగ. ముందు చెదల మందు కొట్టించి, చెక్క ఎంతమేర గుల్లైందో ఆచారితో చూపించుకోవాలి.

ఇంకో రకం ఇబ్బంది ఉంది. తలుపు మూయబోతే చివర్లో వెనక్కి తన్నుకొస్తుంది, అప్పుడే బందులు మూలుగుతాయి. బందు రెక్క చెక్కలో మరీ లోతుగా దిగిందని దీనికి అర్థం. స్క్రూలు వదులుచేసి, రెక్క వెనక పెళ్ళిపత్రిక అట్టను రెక్క కొలతకు కత్తిరించి పెట్టి బిగించండి. ఒకటి చాలకపోతే రెండు. ఇంతకంటే చవకైన, సరైన అట్ట ఇంట్లో ఇంకోటి దొరకదు.

మిగతా తలుపులు

స్నానాలగది తలుపుకు బోరునీళ్ళ తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచిన గుడ్డను కాసేపు చుట్టి ఉంచితే కరుగుతుంది. తర్వాత మంచినీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాకే నూనె వేయాలి, పులుపు మిగిలితే లోహాన్ని తింటుంది. ఇత్తడి బందుల్ని చింతపండుతో తోమేవాళ్ళకు కూడా ఇదే మాట.

ఇనుప గేటుకు పల్చటి నూనె నిలవదు, వానకు కొట్టుకుపోతుంది. గేటును కాస్త ఎత్తి, కింది గుంటలోని ఇసుక తీసేసి, గ్రీజు దట్టంగా పెట్టండి. వంటింటి అల్మారాలకు లోపలివైపు ఉండే స్ప్రింగు బందులకు (ఆటో హింజెస్) నూనె దాదాపు అవసరం రాదు, స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. మెత్తగా మూసుకునే రకమైతే దాని లోపలికి స్ప్రే కొట్టకండి.

పల్లెల్లో పాత మిద్దెలకు ఇప్పటికీ బందులే లేని తలుపులు ఉన్నాయి. తలుపు చెక్కకే పైనా కిందా మొనలు ఉండి, అవి గుంటల్లో తిరుగుతాయి. వీటికి పల్చటి నూనె వద్దు, చెక్క తాగేస్తుంది. మొనకు కొవ్వొత్తి మైనంగానీ, ఆముదంలో కలిపిన పెన్సిల్ పొడిగానీ పెట్టండి. ఆ మొన అరిగితే మార్చడం కష్టం కాబట్టి అలాంటి తలుపున్న ఇంట్లో ఈ పని ఏటా చెయ్యాల్సిందే.

మామూలు తలుపులకు ఏడాదికి రెండుసార్లు చాలు. వానలు వెనకబడ్డాక సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, మే నెలలో గంగజాతర ముందు ఒకసారి.

బందు మార్చక తప్పనప్పుడు

కణుపులు అరిగి రెక్కల మధ్య ఊగులాట వచ్చినా, రెక్క వంగినా, తుప్పుకు పొరలు పొరలుగా రాలుతున్నా ఇక నూనెతో పొద్దుపుచ్చకండి. పాత బందును విప్పి గాంధీ రోడ్డులోనో మీ ఊరి బజార్లోనో ఉన్న హార్డ్‌వేర్ షాపుకు చేతిలో పట్టుకుని పొండి. పొడవు ఒక్కటే కాదు, రెక్క వెడల్పు, మందం, స్క్రూ రంధ్రాలు ఉన్న చోటు కూడా కలవాలి. రంధ్రాలు అర సెంటీమీటరు పక్కకు ఉంటే కొత్త స్క్రూ పాత గుంటలోకే జారిపోతుంది. గదులకు మామూలుగా నాలుగంగుళాలవి, బరువైన వీధివాకిలికి అయిదంగుళాలవి వాడతారు. స్నానాలగదికి, గడప తడిసే వాకిలికి స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి, స్క్రూలు కూడా స్టీలువే అడగండి. స్టీలు బందుకు ఇనుప స్క్రూ వేస్తే తడికి ఆ స్క్రూ ముందుగా తుప్పుపడుతుంది. వీధివాకిలి టేకుదైతే కణుపుల మధ్య బేరింగు ఉన్న రకం కాస్త ఖరీదైనా కొనదగ్గది, బరువు ఇనుము మీద ఇనుముగా పడదు.

మార్చేటప్పుడు తలుపు మొత్తం దించనక్కర్లేదు. కింద చెక్క ముక్కలు గట్టిగా దూర్చి బరువు ఆపి, ఒక్కో బందు మారుస్తూ రండి. తలుపు దించక తప్పదనుకుంటే ఇద్దరు లేకుండా దిగకండి. విప్పేటప్పుడు కింది బందుతో మొదలుపెట్టి పైది చివర్లో, బిగించేటప్పుడు పైది ముందు. మూడు బందుల పిన్నులూ పైనుంచి కిందికి ఒకే నిలువు గీతలో ఉండాలి, మేస్త్రీలు వాడే తూకపు గుండును దారంతో వేలాడదీస్తే తెలిసిపోతుంది. ఒక్కటి పక్కకు ఉన్నా కొత్త బందులు మొదటిరోజే కిర్రుమంటాయి. బిగించకముందే కణుపుల్లో రెండు చుక్కల నూనె వేసి చేత్తో పదిసార్లు ఆడించండి, షాపులో ఎన్నాళ్ళుగా పొడిగా ఉందో. బిగించాక ప్రతి స్క్రూ తలనూ వేలితో తడిమి చూడండి. రెక్కలోకి పూర్తిగా మునగని స్క్రూ ఒక్కటున్నా ఎదురు రెక్కకు తగులుతుంది, తలుపు సరిగ్గా మూసుకోదు.